లండన్ జీతం, లండన్ అద్దె, మధ్యలో మన లెక్క

పోపులపెట్టె మూత మళ్లీ తీశాను.

మా తెనాలి చుట్టాలకి యూకే మొత్తం లండనే. నేను లెస్టర్‌లో ఆరేళ్లు ఉన్నాను. ఆ ఆరేళ్లూ మా పిన్ని ప్రతి పెళ్లిలోనూ "మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది" అనే చెప్పింది. తీరా నిజంగానే లండన్ మారి, "పిన్నీ, లండన్ వచ్చేశాం" అని ఫోన్ చేస్తే, "అదేంటే, మరి ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్?" అంది.

ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ నెల నాకు వచ్చిన మెసేజ్ లెస్టర్ నుంచే. ఒక చెల్లెలు రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక, గొంతు తగ్గించి పెట్టిన వాయిస్ మెసేజ్. పేరు రాయొద్దంది, విషయం మాత్రం రాయమంది.

"అక్కా, మా ఆయనకి లండన్‌లో ఆఫర్ వచ్చింది. ఇప్పుడు జీతం 42,000. వాళ్లు 56,000 ఇస్తామన్నారు. రెండు వారాల్లో చెప్పాలి. మా అత్తగారు, మా నాన్న, ఆయన ఫ్రెండ్సు, అందరూ వెళ్లమనే అంటున్నారు. పద్నాలుగు వేల పౌండ్లు పెరుగుతుంటే ఆలోచన దేనికి అంటున్నారు. నేను వద్దనలేదక్కా. నాకెందుకో భయంగా ఉంది. ఎందుకో అడిగితే చెప్పలేకపోతున్నా."

వాళ్లింటి సంగతి ఇదీ. పాపకి ఐదేళ్లు, బడిలో చేరి ఏడాది కాలేదు. బాబుకి ఇరవై నెలలు. ఆయన స్కిల్డ్ వర్కర్ వీసా, మిగతా ముగ్గురూ డిపెండెంట్లు. తను ఒక ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు చూసే ఆఫీసులో వారానికి మూడు రోజులు పని చేస్తుంది. ఆ మూడు రోజులూ బాబు నర్సరీకి వెళ్తాడు. గుంటూరులో మామగారు కట్టిన ఇంటి లోనుకి నెలకి 400 పౌండ్లు పంపిస్తారు. అన్నీ పోను నెలకి ఓ 500 మిగులుతాయి.

భయం ఎందుకో మాటల్లో చెప్పలేనప్పుడు కాగితం తీయడం నాకు అలవాటు. మన అమ్మమ్మలు పోపులపెట్టెలో దాచిన డబ్బుకి లెక్క ఎక్కడా రాసుండకపోవచ్చు, కానీ వాళ్లకి పైసాతో సహా తెలుసు. శనివారం మధ్యాహ్నం ఇద్దరం వీడియో కాల్ పెట్టుకుని కూర్చున్నాం.

పద్నాలుగు వేలు చేతికొచ్చేసరికి

మొదట జీతం. 50,270 పౌండ్ల వరకూ వచ్చే పెంపులో ఇరవై శాతం టాక్సు, ఎనిమిది శాతం నేషనల్ ఇన్సూరెన్సు పోతాయి. ఆ గీత దాటిన దాని మీద నలభై, రెండు. 42,000 నుంచి 56,000కి వెళ్తే పెంపులో కొంత గీతకి కింద, కొంత పైన పడుతుంది. లెక్క కడితే 14,000లో చేతికి వచ్చేది ఏడాదికి 9,300 లోపే. అంటే నెలకి సుమారు 770. ఇందులోంచి మళ్లీ పెన్షన్ కోత ఉంటుంది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

"అంతేనా అక్కా?" అంది. అంతే. గుంటూరులో వినిపించేది పద్నాలుగు వేలు, లెస్టర్‌లో బ్యాంకులో కనిపించేది 770.

తర్వాత అద్దె. ఇప్పుడు రెండు బెడ్‌రూముల ఇంటికి 950 కడుతున్నారు. హారో వైపు వాళ్లు చూసిన ఇళ్లలో పాపని బడికి నడిపించుకుంటూ తీసుకెళ్లగలిగినది 1,750. తేడా 800. పెంపు మొత్తం అక్కడే అయిపోయింది, పైన ముప్పై ఎదురు.

నర్సరీ. ఇక్కడ రోజుకి 58, అక్కడ ఫోన్ చేసి కనుక్కుంటే 85. వారానికి మూడు రోజులు, నెలకి చూస్తే 350 ఎక్కువ. ఇక్కడ ఒక మాట చెప్పాలి, చాలామంది పొరపాటు పడుతున్నారు. ఇంగ్లాండ్‌లో 2025 సెప్టెంబరు నుంచి తొమ్మిది నెలల పిల్లల దగ్గర్నుంచీ వారానికి 30 గంటలు ఉచితం అని అందరం విన్నాం. అది ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకి. కానీ ఇద్దరి వీసాల మీదా "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉంటే అది రాదు. బిడ్డకి మూడేళ్లు నిండిన తర్వాతి టర్మ్ నుంచి వచ్చే 15 గంటలు మాత్రం వీసాతో సంబంధం లేకుండా పిల్లలందరికీ ఉంటాయి, అదీ ఏడాదికి 38 వారాలు. ఈ చెల్లెలి బాబుకి ఆ రోజు రావడానికి ఇంకా ఏడాది దాటి ఉంది.

రైలు. ఇప్పుడు ఆయన కారులో పదిహేను నిమిషాల్లో ఆఫీసుకి వెళ్తాడు. హారో నుంచి సిటీ లోపలికి రోజూ వెళ్తే నెలకి 200 దాటుతుంది. కారు పెట్రోలు మిగిలేది తీసేస్తే 150 అదనం. కౌన్సిల్ టాక్స్ ఇంకో 45. ఇది బరో బరోకీ మారుతుంది. వెస్ట్‌మిన్‌స్టర్, వాండ్స్‌వర్త్‌లలో తక్కువ, హారో, కింగ్‌స్టన్‌లలో ఎక్కువ. అన్నట్టు వాళ్ల కారు 2013 డీజిల్ బండి. 2023 ఆగస్టు నుంచి లండన్ మొత్తం యూలెజ్ కిందికి వచ్చింది. ఆ కాలం డీజిల్ బండ్లలో చాలావాటికి రోడ్డెక్కిన ప్రతి రోజూ 12.50 కట్టాలి. బండి నంబరు కొట్టి చూసుకోమన్నాను.

కూడితే: 800, 350, 150, 45. మొత్తం 1,345. వచ్చేది 770. నెలకి 575 తక్కువ. ఇప్పుడు మిగులుతున్న 500 పోయి, ఇంకో 75 గుంటూరుకి పంపే డబ్బులోంచి తీయాలి.

అటు పక్క కాసేపు మాట లేదు. తర్వాత, "అక్కా, ఇందులో నా ఉద్యోగం ఉన్నట్టే లెక్క కట్టాం కదా?" అంది.

అవును. అక్కడే ఉంది అసలు సంగతి.

కాగితం మీద లేని జీతం

ఇన్ని రోజులుగా ఇంట్లో ఇంతమంది మాట్లాడారు. తన ఉద్యోగం ఏమవుతుందని ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు. నెలకి 1,100 తెచ్చే పని అది. లండన్ వెళ్లిన మొదటి నెల నుంచీ అది ఉండదు. అప్పుడు బాబుకి నర్సరీ అక్కర్లేదు, నిజమే, ఇంట్లోనే ఉంటాడు. కానీ నర్సరీ మానిపిస్తే ఇంటర్వ్యూకి ఎలా వెళ్తుంది? నర్సరీ పెడితే జీతం లేకుండా 1,105 ఎక్కడి నుంచి తెస్తుంది? ఈ ముడి నాకు బాగా తెలుసు. తొమ్మిది నెలలు అందులో ఉన్నాను.

మేం 2018 అక్టోబరులో లెస్టర్ నుంచి హారో మారాం. అప్పుడు మా వారూ నేనూ గ్యాస్ బిల్లు వెనక లెక్క రాసుకున్నాం. అద్దె, టికెట్టు, సరుకులు, ఊరికి పంపేది. చాలా జాగ్రత్తగా రాశామనుకున్నాం. అందులో రెండు రాయలేదు. ఒకటి నా ఉద్యోగం. ఒక బడిలో టీచింగ్ అసిస్టెంట్‌ని. "లండన్‌లో బడులకేం తక్కువ, నీకు ఇట్టే దొరుకుతుంది" అన్నారు, నేనూ నమ్మాను. రెండోది బా.

బా అంటే మా రెండిళ్ల అవతల ఉండే గుజరాతీ పెద్దావిడ. 1972లో ఉగాండా నుంచి వెళ్లగొడితే కట్టుబట్టలతో వచ్చిన కుటుంబం. ఆవిడకి తెలుగు రాదు, నాకు గుజరాతీ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. బస్సు ఆలస్యమైతే ఆవిడే మా పెద్దాడిని బడి నుంచి తెచ్చుకుని రోట్లీ పెట్టి కూర్చోబెట్టుకునేది. ఒక్క పైసా తీసుకోలేదు. సంక్రాంతికి అరిసెలు ఇస్తే కళ్లకద్దుకుని తినేది. ఆవిడ విలువ నెలకి ఎంత అని మేం ఎప్పుడూ అనుకోలేదు, అందుకే కాగితం మీద పడలేదు.

లండన్ వచ్చిన రెండో నెలలో వెంబ్లీలో ఒక బడి ఆఫీసులో ఇంటర్వ్యూ. చిన్నదాన్ని ఆ ఒక్క రోజుకి నర్సరీలో పెట్టాను. మూడో ప్రశ్న అడుగుతుండగా ఫోన్ వణికింది. ఎత్తలేదు. మళ్లీ వణికింది. పాపకి జ్వరం, వెంటనే వచ్చి తీసుకెళ్లండి. మా వారు కెనరీ వార్ఫ్‌లో, గంటన్నర దూరం. పిలవడానికి ఇంకో మనిషి పేరు నా ఫోన్‌లో లేదు. ఎదురుగా ఉన్నవాళ్లకి సారీ చెప్పి లేచి వచ్చేశాను. బస్సులో కూర్చుని నేను ఏడ్చింది ఉద్యోగం పోయినందుకు కాదు. లెస్టర్‌లో అయితే "బా" అని ఒక్క ఫోన్ చేసేదాన్ని కదా అని.

ఆ తొమ్మిది నెలలూ మా వారు ఎప్పుడూ డబ్బుకి లేదనలేదు. అది నిజం. కానీ అడగాల్సి రావడం వేరు. ఎనిమిదేళ్లుగా నా కార్డు నేను గీసుకున్నదాన్ని, "చెప్పులు తెగాయి, కొనుక్కోనా?" అని అడిగిన రోజు నాకింకా గుర్తుంది. మన మగవాళ్లకి ఈ ముక్క చెప్తే "నేను వద్దన్నానా?" అంటారు. వద్దనలేదు. మాట అది కాదు.

లండన్ తప్పు కాదు

ఇక్కడిదాకా చదివి "అక్క లండన్ వెళ్లొద్దంటోంది" అని గ్రూపులో పెట్టకండి. నేను ఇక్కడే ఉన్నాను, ఇప్పుడు వెళ్లమన్నా వెళ్లను. తొమ్మిది నెలల తర్వాత వచ్చిన ఉద్యోగం లెస్టర్‌లో చేసినదానికన్నా మంచిది. లైబ్రరీలో చిన్నపిల్లల పాటల గంటకి వెళ్తుంటే నిజామాబాద్ అమ్మాయి ఒకామె పరిచయమైంది. మంగళవారం తన పిల్లలు మా ఇంట్లో, గురువారం మా పిల్లలు వాళ్లింట్లో. ఇంకో బా దొరికింది, వయసులో నాకన్నా చిన్నది. కానీ దానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిని ఎవరో ఒకరు మోయాలి, మోసేది ఎవరో ముందే తెలిసుండాలి. అంతే నేననేది.

లండన్ వైపు ఉన్న మంచీ కాగితం మీద రాయించాను. స్పాన్సర్ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చేది 60 రోజులు. చిన్న ఊళ్లో ఒకే పెద్ద కంపెనీని నమ్ముకోవడం కన్నా, కంపెనీలు ఎక్కువున్న చోట ఉండటం ఒక రకం బీమా. పదకొండేళ్ల లోపు పిల్లలకి పెద్దవాళ్లతో ట్యూబ్ ఉచితం. చెల్లెలు చేసేది ఆసుపత్రి ఉద్యోగం కాబట్టి తనకి ఇంకో లాభం ఉంది. ఎన్‌హెచ్‌ఎస్‌లో లండన్ లోపలైతే బేసిక్ మీద 20 శాతం, లండన్ శివార్లలో 15 శాతం అదనంగా ఇస్తారు, కనీసం ఇంత అని కూడా ఉంటుంది. ఒక ట్రస్టు నుంచి ఇంకో ట్రస్టుకి వెళ్తే సాధారణంగా సెలవుల లెక్కకి పాత సర్వీసు కలుస్తుంది. ఈ విషయం తనకే తెలియదు. ఎందుకంటే తన ఉద్యోగాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, తను కూడా వెతకలేదు.

అద్దె ఇళ్ల విషయంలోనూ మేం పడ్డ బాధలు కొన్ని తగ్గాయి. గ్యారంటీ ఇచ్చే మనిషి లేడని మమ్మల్ని ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నారు. కొత్త అద్దె చట్టం ప్రకారం ఇంగ్లాండ్‌లో 2026 మే 1 నుంచి నెల అద్దెకి మించి ముందుగా అడగకూడదు, చిన్నపిల్లలు ఉన్నారని ఇల్లు ఇవ్వకపోవడమూ కుదరదు. మామూలు అద్దెలకి డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు. ఏజెంటు ఫీజులని ఎవరైనా అడిగితే, 2019 నుంచే అవి నిషేధం అని చెప్పండి.

బడి సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. ఏడాది మధ్యలో మారితే దగ్గర్లోని బడిలో సీటు ఉంటుందన్న నమ్మకం లేదు. చిన్న క్లాసుల్లో టీచరుకి 30 మంది పిల్లలే అన్నది చట్టం, కాబట్టి "ఒక్క సీటు సర్దండి సార్" అంటే సర్దరు. ఇల్లు ఖాయం చేసేముందే కౌన్సిల్‌కి ఫోన్ చేసి, చుట్టుపక్కల ఏ బడిలో ఖాళీ ఉందో కనుక్కోండి. బడి చూసి ఇల్లు, ఇల్లు చూసి బడి కాదు.

ఇక "అమ్మ వచ్చి చూసుకుంటుందిలే" అనేవాళ్లకి. విజిటర్ వీసా మీద ఒకసారికి ఆరు నెలలు. ఏడో నెల సంగతి కూడా ఆలోచించండి. అమ్మ మోకాళ్ల సంగతి కూడా.

నేనైతే ఏం చేస్తాను

తను సూటిగా అడిగింది, కాబట్టి సూటిగా చెప్పాను. ఈ ఆఫర్‌కి, ఇప్పుడున్నట్టుగా అయితే, నేను వెళ్లను. ఈ మూడింటిలో రెండు మారితే వెళ్తాను.

ఒకటి, ఆఫీసుకి ఎన్ని రోజులు రావాలన్నది. వారానికి రెండు రోజులే అయితే ఇల్లు మారకుండానే ఏడాది నడపొచ్చు. లెస్టర్ నుంచి సెయింట్ పాంక్రస్‌కి రైల్లో గంట పైన కాస్త. 28 రోజుల్లో ఎనిమిది రోజులు వాడుకునే ఫ్లెక్సీ సీజన్ టికెట్ కూడా ఉంది. 2024 ఏప్రిల్ నుంచి కొత్త ఉద్యోగి మొదటి రోజే పని వేళలు మార్చమని అడిగే హక్కు ఉంది. ఒప్పుకోవాలని లేదు, అడగొచ్చు. చేరకముందే అడిగి రాతలో తీసుకుంటే ఇంకా మంచిది.

రెండు, తన ఉద్యోగం. ముందు తను లండన్‌లో అప్లై చేయాలి. అది ఖాయమయ్యాకే ఇల్లు ఖాళీ చేయాలి. ఆయన మూడు నెలలు ఎవరింట్లోనైనా గది తీసుకుని ఉండొచ్చు. మన ఇళ్లలో మగాడి ఉద్యోగం కోసం ఇల్లు మారడం మామూలే. ఆడదాని ఉద్యోగం కోసం మూడు నెలలు ఆగడం కూడా మామూలు చేసుకుందాం.

మూడు, జీతం. 575 తక్కువ పడుతున్నప్పుడు 56,000కి సరే అనడం దేనికి? 50,270 దాటాక పెరిగే ప్రతి వెయ్యికీ చేతికి వచ్చేది 580. కాబట్టి రెండు మూడు వేలు పెంచితే సరిపోదు. ఎంత అడగాలో ఇప్పుడు వాళ్లకి తెలుసు. వీసా మార్చే ఖర్చు ఎవరిదో కూడా అడగమన్నాను. కంపెనీ మారితే కొత్త స్పాన్సర్‌తో వీసా మళ్లీ పెట్టుకుని, అది వచ్చాకే చేరాలి. హెల్త్ సర్‌చార్జ్ పెద్దవాళ్లకి ఏడాదికి 1,035, పిల్లలకి 776. నలుగురికీ కట్టాల్సొస్తే ఏడాదికి 3,622, మూడేళ్లకి 10,866. ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జ్ అనేది మాత్రం కంపెనీయే కట్టాలి, ఉద్యోగి జీతంలోంచి తీయకూడదు. ఆఫర్ లెటర్‌లో "మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలి" అన్న ముక్క ఎక్కడైనా ఉందేమో అద్దాలు పెట్టుకుని చదవండి.

ఇవేవీ కుదరకపోతే ల్యూటన్, మిల్టన్ కీన్స్, రెడింగ్ లాంటి చోట్లు కూడా ఒకసారి చూడమన్నాను. అన్నిచోట్లా మనవాళ్లున్నారు. లండన్ జీతం తెచ్చుకోవడానికి లండన్ అద్దెే కట్టాలని రూలేం లేదు.

ఆదివారం రాత్రి ఇంకో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఈసారి గొంతు మామూలుగానే ఉంది. "కాగితం ఆయన ముందు పెట్టానక్కా. నా జీతం గడి చూసి, 'ఇది నేను రాయలేదేంటి' అన్నారు. కొట్లాట ఏం కాలేదు. సోమవారం కంపెనీకి ఫోన్ చేసి రోజుల సంగతీ, జీతం సంగతీ అడుగుతానన్నారు. నేను రెండు ట్రస్టుల్లో అప్లై చేశా. ఏమవుతుందో తెలీదు. భయం మాత్రం ఎందుకో తెలిసింది."

వాళ్లు వెళ్తారో ఉంటారో నాకూ తెలీదు. ఏదైనా సరే, ఇద్దరూ ఒకే కాగితం చూసి తేల్చుకుంటారు, నాకది చాలు. ఇండియాలో ఉండి ఇది చదివే అత్తయ్యలకీ, పిన్నులకీ, నాన్నలకీ ఒక్క మాట. జీతం ఎంత పెరిగిందని అడగండి, తప్పు లేదు. దాంతో పాటు "అమ్మాయ్, మరి నీ ఉద్యోగం?" అని కూడా అడగండి. ఫోన్‌లో అర నిమిషం పట్టదు.

ఈ ఏడాది ఊరు మారినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఏరియా, నర్సరీ రోజు ఫీజు, ఉద్యోగం దొరకడానికి ఎన్ని నెలలు పట్టిందో నాకు పంపండి. పేర్లు లేకుండా వచ్చే నెల ఒకే చోట పెడతాను. ఎవరో ఒకరికి రాత్రి పదకొండింటికి పనికొస్తుంది.

ఉంటాను మరి. కుక్కర్ మూడో కూత వేసింది.